ఉప్పు బండి

పెన్‌రిత్ డిపోలో ఉప్పు తెల్లగా ఉండదు.
గనిలోంచి తవ్వి తెచ్చింది,
తడిసిన ఇటుకపొడి రంగు.
మొదటి రోజు చిటికెడు తీసి నాలిక మీద వేసుకుంటే
కీత్ పగలబడి నవ్వాడు.
వాడికేం తెలుసు, మాది చినగంజాం అని,
ఉప్పు కయ్యల్లో పెరిగినవాడు
ఏ ఉప్పునైనా పలకరించకుండా పోలేడని.

మా మేనత్త సంతోషమ్మ
తెల్లారకముందే కయ్యలోకి దిగేది.
చెక్క పలకతో ఉప్పు లాగుతూ
లాగుకో స్తోత్రం.
"గుడికి ఆదివారం పోతాంలేరా,
సోమవారం కూడా ఆయన బతికే ఉంటాడు గదా" అనేది.
మడమల పగుళ్ళలో ఉప్పు మండితే
ఆ మంటక్కూడా ఒకటి.
అప్పుడు నాకు నవ్వొచ్చేది.

నాలుగేళ్ళుగా నాకు నోరు పెగల్లేదు.
తమ్ముడు ఫిలేమోను కోసం
కార్లైల్‌లో అద్దె హాల్లో
నలభై రోజులు ఉపవాసముండి ప్రార్థించాం.
నలభై ఒకటో రోజు
పెట్టె కొలతలడుగుతూ ఫోనొచ్చింది.
వెళ్ళడం మాత్రం మానలేదు.
సంచి వస్తే కానుక వేశాను,
అందరూ లేస్తే లేచాను,
ఉజ్జీవ కూటాలకి కుర్చీలు మోశాను.
ఆమేన్ దగ్గర పెదాలు కదిపి
టికెట్టు లేకుండా బస్సెక్కినవాడిలా
కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

జనవరి. రాత్రి రెండూ నలభై.
షాప్ అనే ఊరు దాటాక కొండదారి.
చదరపు మీటరుకి ఇరవై గ్రాములు.
వెనకాల పళ్ళెం గిర్రున తిరుగుతూ
చీకట్లోకి విత్తుకుంటూ పోతోంది.
ఇది రాతినేలా, అది మంచినేలా
అని ఎంచదు బండి.
వంపులో రెండు గొర్రెలు
నిన్నటి ఉప్పు నాకుతున్నాయి.
హారన్ మీద చెయ్యి పెట్టి తీసేశాను.
వాటి భోజనమయ్యేదాకా
ఇంజను గురగురమంటూ కాచుకుంది.

అప్పుడు కనిపించింది అద్దంలో
చిన్న కారు.
ఎంతసేపటి నుంచి వస్తోందో.
దాటదు, వెనకబడదు,
ఉప్పు రాళ్ళు తగలనంత ఎడంగా
నా పసుపు దీపాన్ని పట్టుకుని వస్తోంది,
గుంపులో ఎవరిదో చెంగు పట్టుకున్నట్టు.
నర్సో, మంత్రసానో,
ఏ కొట్టంలోనో ఈనలేక అరుస్తున్న ఆవు కోసం
నిద్రలోంచి లేచొచ్చిన వైద్యుడో.
నేను మెల్లగా పోతే తనూ మెల్లగా.
ఆగితే ఆగి.
ఎనిమిది మైళ్ళు.
నా ముందు మంచు తప్ప ఏమీ లేదు.
ఆ మనిషికి మాత్రం దారి ఉంది.

రాతిగోడ దగ్గర మలుపు తిరుగుతూ
లైట్లు రెండుసార్లు ఆర్పి వెలిగించింది.

"స్తోత్రం" అన్నాను.

నేనే అన్నానా?
క్యాబిన్లో ఇంకెవరూ లేరు.
గొంతు మాత్రం అత్తది,
చలిగాలికి, ఉప్పుగాలికి బొంగురుపోయింది.

ఫిలేమోను తిరిగి రాడు.
ఆ లెక్క నాకూ ఆయనకీ మధ్య ఇంకా తెగలేదు.
తెగేదాకా మాటల్లేవని
పంతం పట్టింది ఎవరు?
ఆయన కాదు.
మిగిలిన దారంతా ఆ సంగతే
తెలుగులో, గట్టిగా, వైపర్ల చప్పుడు మీద,
కొంత దెబ్బలాటగా, కొంత వందనాలుగా
చెప్పుకుంటూ దిగాను.

డిపోలో చక్రాలు కడుగుతుంటే
"రోడ్డెలా ఉంది?" అన్నాడు కీత్.
"తడిగా ఉంది" అన్నాను.
మా పనిలో అంతకంటే మంచి కబురు లేదు.

ఇంటికొచ్చేసరికి ఎస్తేరు డ్యూటీకి వెళ్ళిపోయింది.
గుడ్డు ఉడకబెట్టుకున్నాను.
ఒలిచి, రెండుగా కోసి,
పైన చిటికెడు ఉప్పు చల్లి
కళ్ళు మూసుకున్నాను.

తెరిచేసరికి
గుడ్డు చల్లారిపోయింది.